రేకుల ఇంటికి ఊక పరుపు: ఎంత మందం, కింద ఏం వేయాల, పైన ఏం కప్పాల?

పెన్నాగట్టు
మాది తాడిపత్రి దగ్గర పల్లె. గది 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నాపరాయి గోడలు, మట్టి అడుసుతో కట్టినవి. పైన రంగు రేకులు, ఒకే వాలు: పడమర 10 అడుగుల ఎత్తు, తూర్పున 12. పక్కన వంటగది, దానికి సిమెంటు రేకులు. ఏప్రిల్ నుంచి పొద్దున పదకొండు దాటితే లోపల ఉండలేం. సెగ ఆపేందుకు రేకుల కింద థర్మాకోల్ వద్దనుకుంటున్నాం. వరి ఊక, శెనక్కాయ పొట్టు, జొన్న చొప్ప, కంది కట్టె అన్నీ దొరుకుతాయి. ఏది మేలు? ఎంత మందం? చెదలు, ఎలుకల సంగతేంటి?

వేడిలెక్క
మందం సంగతి ముందు తేలుద్దాం, వస్తువు తర్వాత. మే నెల మధ్యాహ్నం రేకు 65 డిగ్రీలు, గదిలో గాలి 38 అనుకోండి. తేడా 27. మీ కప్పు 264 చదరపు అడుగులు, అంటే 24.5 చదరపు మీటర్లు. మధ్యలో అడ్డమేమీ లేకపోతే చదరపు మీటరుకు సుమారు 170 వాట్లు దిగుతుంది. మొత్తం 4 కిలోవాట్లు దాటుతుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోసే వేడి 3.5 కిలోవాట్లే. అందుకే రేకుల ఇంట్లో ఏసీ ఆగకుండా తిరుగుతున్నా చల్లబడదు.

ఊక ఉష్ణవాహకత (వేడిని దాటనిచ్చే గుణం, ఎంత తక్కువైతే అంత మేలు) 0.051. ఇది భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఎస్పీ 41 పట్టికలోది, ఘనమీటరుకు 120 కిలోల సాంద్రత దగ్గర. అదే పట్టికలో ఇటుక 0.81, ఆర్‌సీసీ 1.58. ఈ అంకెలతో మీ గదికి లెక్క వేస్తే 2 అంగుళాల ఊకకు 570 వాట్లు, 4 అంగుళాలకు 300, 6కు 210, 8కి 160 దిగుతుంది. మొదటి రెండంగుళాలే ముప్పాతిక పైగా పని చేసేస్తాయి. ఇళ్లలో కరెంటు వాడకం తగ్గించేందుకు తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత 2018. ఒక డిగ్రీ తేడాకు కప్పు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి దింపకూడదని అది పెట్టిన హద్దు. 2 అంగుళాలతోనే మీరు దానికి లోపలికి వచ్చేస్తారు. ఊక దిగబడేది కలుపుకుని 4 అంగుళాలు పెట్టుకోండి. 6, 8 అంటే బరువు మోయడమే తప్ప లాభం లేదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఊక గదిని బయటి గాలి కంటే చల్లగా చేయదు. నెత్తిన రేకు నుంచి కొట్టే సెగను ఆపుతుంది, అంతే. రాత్రి పది తర్వాత కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వకపోతే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

మిద్దెమేస్త్రి
లెక్క బాగుండాది గానీ, మన చవుడు మిద్దెలు ఊక లేకుండానే చల్లగా ఉండేవి కదప్పా. దూలాలు, దంతెలు, పైన బండలు, ఆ పైన జానెడు చవుడు. ఏంటికి ఈ కొత్త పని?

వేడిలెక్క
అన్నా, అది వేరే రకం చల్లదనం. మన్ను వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. గడ్డి కలిపిన మట్టి పరుపు ఉష్ణవాహకత అదే పట్టికలో 0.519, ఊకకు పదింతలు. 4 అంగుళాల మట్టి చేసే అడ్డు, రెండంగుళాల ఊక చేసే దాంట్లో అయిదో వంతు కూడా ఉండదు. కాకపోతే మధ్యాహ్నం ఎండ మిద్దె కింది వైపుకు దిగేసరికి పొద్దు మునుగుతుంది. ఆ వేడి రాత్రి లోపలికి వస్తుంది కాబట్టే ఎండాకాలం జనం మిద్దెపైన పడుకునేది. ఇక బరువు చూడండి: 4 అంగుళాల మట్టి చదరపు మీటరుకు 160 కిలోలు, 4 అంగుళాల ఊక 12 కిలోలు. రేకుల కింద పైపులు 160 మోయవు.

మిద్దెమేస్త్రి
బరువు మాట నిజమే. రేకులింటికి మన్ను కుదరదు, ఒప్పుకుంటా.

శెనక్కాయబేరం
అనంతపురం జిల్లాలో ఊక కోసం వెతకడమేంటన్నా? కాయలు ఒలిచే మిల్లులు చాలా చోట్ల ఉన్నాయి. నూరు కిలోల కాయలకు పాతిక, ముప్పై కిలోల పొట్టు వస్తుంది. గట్టిగా ఉంటుంది, ఊక మాదిరి సందుల్లోంచి రాలదు, వేడి ఆపడంలోనూ తీసిపోదు. శెనక్కాయ పొట్టే వేయండి.

కేసీకాలువ
వేడి ఆపడంలో తీసిపోదు, నిజమే. తకరారు వేరే చోట ఉంది. శెనక్కాయ పొట్టులో నలిగిన పప్పు, తొక్క, పుచ్చిపోయిన కాయలు తప్పకుండా మిగులుతాయి. ఎలుకకు అది పిలుపే. తేమ తగిలితే ఆ పప్పు ముక్కలకే ముందు బూజు పడుతుంది, అదీ అఫ్లాటాక్సిన్ పుట్టించే రకం బూజు. పడుకునే గది నెత్తిన అది ఉండకూడదు. ఇంకోటి మంట. ఊకను కాలిస్తే అయిదో వంతు దాకా బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. అందుకే ఊక భగ్గున మండదు, కుళ్లడం కూడా నిదానం. శెనక్కాయ పొట్టుకు ఆ రక్షణ లేదు. బాయిలర్లకు దాన్ని ఇష్టంగా కొనేది బాగా మండుతుందనే కదా.

అయితే ఊకలోనూ రెండు రకాలున్నాయి. పాత హల్లర్ మిల్లులో ఊక, తవుడు కలిసి వస్తాయి. ఆ తవుడుకు పురుగు పడుతుంది. రబ్బరు రోళ్ల షెల్లర్ ఉన్న మిల్లులో ఊక విడిగా, శుభ్రంగా వస్తుంది. పిడికెడు తీసుకుని అరచేతిలో నలపండి. చేతికి జిడ్డు, పిండి అంటితే ఆ లోడు వద్దు. నంద్యాల, కర్నూలు వైపు మిల్లుల్లో అడిగి తెచ్చుకోండి, వానలో తడిసిన కుప్పలోది మాత్రం తీసుకోవద్దు.

శెనక్కాయబేరం
పప్పు ముక్కలు పోవాలంటే జల్లెడ పట్టి, రెండు మూడు ఎండలు ఎండబెట్టి, తూర్పారబట్టాల. అంత పని చేసేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటున్నా. అయినా ఆ పొట్టును సున్నం, మట్టితో కలిపి దిమ్మెలుగా పోసుకుంటే గోడల పనికి బాగుంటుంది. విడిగా పోసే పనికి ఊకే కానివ్వండి.

పెన్నాగట్టు
సరే, ఊక ఖాయం. ఎన్ని బస్తాలు కావాల? కింద ఏది మోస్తుంది?

కేసీకాలువ
264 చదరపు అడుగులు, 4 అంగుళాలు: 88 ఘనపుటడుగులు, అంటే దగ్గర దగ్గర 2.5 ఘనమీటర్లు. 120 కిలోల చొప్పున 300 కిలోలు. దిగబడేదానికి పదో వంతు కలిపి 330 అనుకోండి. 50 కిలోల బియ్యం సంచిలో ఊక 8 కిలోలకు మించి పట్టదు కాబట్టి 42 సంచులు. మీ ఊక సాంద్రత వేరుగా ఉండొచ్చు. 20 లీటర్ల బకెట్ నిండా పోసి, నాలుగైదు సార్లు నేలకు తట్టి, మళ్లీ నింపి తూకం వేయండి. 2.4 కిలోల దగ్గర వస్తే లెక్క సరిపోయినట్టు.

పోసే ముందు టార్పాలిన్ పైన పలచగా పరిచి రెండు పూటలు ఎండబెట్టాల. 330 కిలోలకు 15 కిలోల పొడి సున్నం చల్లి పారతో కలపండి. పురుగుకు, బూజుకు అది పనికొస్తుంది, చెదలకు మందు కాదు. సున్నం కళ్లకు, ఊక దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డవి. కళ్లద్దాలు, మంచి మాస్కు లేకుండా ఆ పని చేయించొద్దు.

మిద్దెమేస్త్రి
మోసేదానికి 60×40 సైజు, 2 మి.మీ. మందం ఇనుప పైపులు వెడల్పు వైపు, అంటే 12 అడుగుల వైపు వేయల్ల. 40 వైపు కింద ఉండేట్టు నిలబెట్టి, రెండడుగులకు ఒకటి, మొత్తం 12. 50×25 వేస్తే విరగవు గానీ నడుమ బాగా కుంగుతాయి, కింద పూత పగులుతుంది. పైపు కొన గోడలోకి నాలుగంగుళాలు పోవల్ల. మీ గోడ మట్టి అడుసుది కాబట్టి పైపు కింద అరచేయంత తాడిపత్రి బండ ముక్క పెట్టి, చుట్టూ సున్నం, ఇసుకతో బిగించు. ఉత్త అడుసు పైన పైపు ఆనిస్తే కాలం పోయేకొద్దీ దిగుతుంది.

పైపుల అడుగు 9 అడుగుల దగ్గర రానీ. పడమర పక్క రేకుకూ ఊకకూ నడుమ అయిదు అంగుళాలు, తూర్పు పక్క రెండున్నర అడుగుల దగ్గర ఖాళీ మిగుల్తుంది. ఆ ఖాళీ ఊక కన్నా ముఖ్యం. ఊకను తెచ్చి రేకుకు అంటించినావనుకో, వేడి పోయే దారే ఉండదు.

మేదరవాడ
పైపుల పైన తడికలు పరవండి. వెదురు దబ్బలు అంగుళం వెడల్పువి, బిగువుగా అల్లినవి. పచ్చి వెదురుతో అల్లిస్తే ఏడాది తిరక్కుండానే పొడి రాలుతుంది, పుచ్చపురుగు తినేస్తుంది. దబ్బలు చీల్చిన తర్వాత, అల్లకముందే మందు పెట్టాల: 95 లీటర్ల నీళ్లకు 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ ఆసిడ్. దబ్బలు పూర్తిగా మునిగేట్టు వారం రోజులు తొట్లో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఆ తర్వాత అల్లాల. తొట్టి దగ్గరికి పిల్లల్నీ పశువుల్నీ రానివ్వొద్దు. మిగిలిన నీళ్లు చెట్లకు పోస్తే చెట్లు చస్తాయి. ఇంకో మాట, ఈ మందు నీళ్లకు కరిగిపోయేది. వాన తగిలే చోట వాడే వెదురుకు పనికిరాదు, కప్పు లోపల బాగా నిలుస్తుంది.

తడిక పైన నూలు గుడ్డ ఒక వరస పరచండి, లేదంటే ఊక పొడి ఏడాది పొడుగునా మంచాల పైన రాలుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా మాత్రం వద్దు.

పెన్నాగట్టు
ప్లాస్టిక్ వేస్తే పొడి రాలదు, చెమ్మ కూడా పైకి పోదు కదా?

వేడిలెక్క
మన వాతావరణంలో గదిలోంచి పైకి పోయే ఆవిరి పెద్ద సమస్య కాదు. పైనుంచి వచ్చే చెమ్మే సమస్య. డిసెంబరు, జనవరి రాత్రుల్లో రేకు ఆకాశానికి వేడి వదిలి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, అడుగున చెమట పడుతుంది, తెల్లారి చుక్కలు రాలతాయి. ఆ చుక్కలు ఊకలోకి దిగి కింద ప్లాస్టిక్ దగ్గర ఆగితే అక్కడే బూజు. గుడ్డ, తడిక అయితే పది గంటలకల్లా ఆరిపోతాయి. రేకు కింద అడ్డ పైపులకు అల్యూమినియం ఫాయిల్ షీటు వాలుగా కట్టుకుంటే చుక్కలు దాని మీదుగా జారి బయట పడతాయి, సెగ కూడా తిరిగిపోతుంది. అది ఊక, వెదురు మాదిరి మొక్కల నుంచి వచ్చే సరుకు కాదు, అయినా చెప్పక తప్పదు.

గాలి సందులు: కప్పు విస్తీర్ణంలో 150వ వంతు. మీకు 1.8 చదరపు అడుగులు, సగం పడమర కింది అంచున, సగం తూర్పు పై అంచున. ఎలుకలు రాకుండా ఆ సందులకు వేసే జాలీ కొంత మూసేస్తుంది కాబట్టి దానికి రెట్టింపు రంధ్రాలు వదలండి. గోడకూ రేకు మడతలకూ నడుమ ఉండే సందుల్ని మేస్త్రీలు సిమెంటుతో పూడ్చేస్తుంటారు. ఆ సందులే మీకు కావాల్సింది, పూడ్చనివ్వొద్దు. ఆషాఢం గాలికి ఊక లేవకుండా పైన పాత గోనెపట్టా పరిచి, అంచులు పైపులకు కట్టేయండి.

ఎలుకబోను
జాలీ పావు అంగుళం కన్ను మించితే చిట్టెలుక దూరుతుంది. కోళ్ల జాలీ కాదు, వెల్డు చేసిన జింకు జాలీ. సందులకే కాదు, తడిక అంచు గోడను తాకే నాలుగు వైపులా ఆరంగుళాల పట్టీగా చుట్టాల. ఎలుక ఎక్కువగా మూలల్లోంచే వస్తుంది.

చెదలది వేరే దారి. నేలలోంచి వస్తాయి, మీ గోడలోని మట్టి అడుసు వాటికి రాచబాట. బయట కనిపించకుండా లోలోపలే పైకి ఎక్కేస్తాయి. పైపుల వరసకు కాస్త కింద గోడ చుట్టూరా జింకు రేకు పట్టీ బిగించి, బయటి అంచు రెండంగుళాలు కిందికి వంచండి. పట్టీకి పైన ఆ ఒక్క వరస మట్టి అడుసు తీసేసి సున్నం, ఇసుకతో పూడ్చండి. అప్పుడు చెదలు పట్టీ చుట్టూ మట్టి గొట్టం కట్టుకుని రావాల్సిందే. అది కంటికి కనిపిస్తుంది. వాన పడిన నెలల్లో పదిహేను రోజులకోసారి టార్చి వేసి చూసి, గొట్టం కనిపిస్తే గీకేసి, అది మొదలైన చోట మందు పెట్టండి. వేపనూనె రాస్తే చాలంటారు. కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత వాసనా పోతుంది, పనీ పోతుంది.

తీగలపెట్టె
కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. ఊకలో పూడిన వైరుకు గాలి తగలదు, దాని మోసే శక్తి సగం దాకా పడిపోతుంది. ఫ్యాను, లైట్ల వైర్లు ఊక పైన గాలి ఆడే చోట వైర్ల గొట్టంలో (కాండూట్) తీసుకుపోండి, కిందికి దిగే చోట మాత్రమే ఊకలోంచి నిటారుగా దించండి. జాయింటు పెట్టె ఒక్కటి కూడా ఊకలో ఉండకూడదు. తడికలో లోపలికి దిగే రకం లైట్లు వద్దు, గోడ లైట్లు పెట్టుకోండి. ఫ్యాను బరువు తడికకు కాదు, పైపుకు వేలాడాల. ఆ కొక్కెం చుట్టూ అరడుగు మేర ఊక లేకుండా ఇటుక ముక్కలతో గడి కట్టండి.

ఊక మంటలో తేడా ఏమిటంటే అది లేచి మండదు, లోపలే రాజుకుంటుంది. పైన నీళ్లు చల్లితే జారిపోతాయి, లోపల నిప్పు అలాగే ఉంటుంది. పారతో తీసి బయట పోస్తే తప్ప ఆరదు. అందుకని ప్రతి మూడో పైపు దగ్గర 4 అంగుళాల మట్టి ఇటుక వరస అడ్డంగా పెట్టి ఊకను గడులుగా విడదీయండి. రాజుకున్నా ఒక గడిలోనే ఆగుతుంది.

మిద్దెమేస్త్రి
దాంతోపాటు తడిక అడుగున సున్నం పూత అర అంగుళం మందం కచ్చితంగా ఉండల్ల. ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్లు ఇసుక, గుప్పెళ్ల కొద్దీ తరిగిన జనపనార. రెండు పొరలుగా, మొదటిది గరుకుగా గీసి వదిలి, ఆరినాక రెండోది. సిమెంటు పూత వద్దు, వెదురు సాగి ముడుచుకునేటప్పుడు పెళ్లలుగా ఊడుతుంది. పూత ఆరినాకనే పైన ఊక పోయల్ల. పోసేటప్పుడు పైపుల పైన పలకలు వేసుకుని వాటిపైనే నిలబడండి, తడిక పైన కాలు పెడితే నేరుగా గదిలోకి దిగుతారు.

వంటగదికి మాత్రం ఊక వద్దప్పా. కట్టెల పొయ్యి ఉంటే అసలే వద్దు. ఇంకోటి, సిమెంటు రేకులకు రంధ్రాలు కొట్టడం, కోయడం చేయొద్దు. పాత రేకుల్లో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. పైకి సున్నం తెల్లగా కొట్టించు, గాలి బాగా పోయేట్టు చూసుకో, అంతటితో ఆపు.

ఆదోని_స్లాబు
ఇదే పని ఆర్‌సీసీ స్లాబు పైన చేయొచ్చా? ఊక, సున్నం కలిపి 4 అంగుళాలు టెర్రస్ పైన పోసి, పైన టైల్స్ వేసేద్దామని ఆలోచన. లేదంటే వరిగడ్డి బేళ్లు పరిచేస్తే?

వేడిలెక్క
టైల్స్ కింద ఊక వద్దు. టైల్స్ అతుకులో వెంట్రుకంత పగులు చాలు, సెప్టెంబరు, అక్టోబరు వానలకు నీళ్లు దిగుతాయి. దిగిన నీళ్లకు పైన టైలు, కింద స్లాబు, బయటికి దారే లేదు. తడిసిన ఊక వేడిని ఆపదు, పైగా బరువు. బేళ్ల సంగతీ అంతే. మన వైపు యంత్రాలు కట్టేవి ఎక్కువగా గుండ్రటి చిన్న చుట్టలు. అవి పశువులకు బాగుంటాయి, పక్కపక్కన పేరిస్తే సందులు మిగులుతాయి. చదరపు బేళ్లు తెచ్చినా వానకు వదిలేస్తే తేమ 20 శాతం దాటి నల్లబడతాయి. ఎండకు వదిలేస్తే దీపావళి రాకెట్టు ఒకటి చాలు.

స్లాబుకు రెండే దారులు. ఒకటి, పైన సున్నం తెల్లపూత, ఏటా మార్చిలో. అన్నిటికన్నా చౌక, దుమ్ము పట్టేకొద్దీ పని తగ్గుతుంది. రెండోది, స్లాబు అడుగున ఇదే పైపులు, తడిక, 3 అంగుళాల ఊక. ఎత్తు తక్కువైతే అంగుళంన్నర కొబ్బరి పీచు పలకలు, వాటి ఉష్ణవాహకత ఊక కంటే కూడా తక్కువ. అడుగున వేస్తే స్లాబు ఇంకా వేడెక్కి ఎక్కువ సాగుతుంది, గోడ పైవరస దగ్గర సన్న పగుళ్లు కనిపించొచ్చు. తెల్లపూత కూడా కలిపితే ఆ బాధ తగ్గుతుంది.

పెన్నాగట్టు
పడమటి గోడ కూడా సాయంత్రం దాకా కాలుతుంది. దానికి ఏమైనా?

మేదరవాడ
గోడకు అడుగు దూరంలో కంది కట్టె దడి నిలబెట్టండి, అడుగున బండ ముక్కలు పెట్టి నేలకు తగలకుండా. పైన అనప తీగ పాకించండి. ఏటా కంది కోతకు దడి మార్చుకోవడమే. అంతకు మించి కావాలంటే మట్టి, గడ్డి పొర.

మిద్దెమేస్త్రి
ఆ పొర చేసేదిట్ల. ఎర్రమట్టి జల్లెడ పట్టి నీళ్లలో రెండ్రోజులు నానబెట్టు, మజ్జిగ కన్నా చిక్కగా రావల్ల. వేలు ముంచి తీస్తే వేలిగీతలు కనపడకుండా అంటుకోవల్ల. నల్లరేగడి తేవొద్దు, అది ఎండితే బీటలు తీస్తుంది. పొడి వరిగడ్డిని ఆ నీళ్లలో ముంచకుండా, ఆ నీళ్లనే గడ్డి పైన పోసి కలుపు, ప్రతి పుడకకు పూత అంటితే చాలు. గడ్డి పిండితే నీళ్లు కారకూడదు. గోడకు నాలుగంగుళాల దూరంలో పలకలు కట్టి, ఆ సందులో అరడుగు అరడుగు పోసి కర్రతో దిట్టించు. పలకలు అదే రోజు తీసేయి, గాలి తగలల్ల. అంగుళానికి వారం లెక్కన ఒకవైపే ఆరేది కాబట్టి నెల పడుతుంది. మధ్యలో గడ్డిలోని వడ్లు మొలకెత్తుతాయి, భయపడొద్దు, అవే ఎండిపోతాయి. సన్నని ఇనుప కమ్మీ లోపలికి గుచ్చి పావుగంట ఉంచి తీయి. కమ్మీ చల్లగా, తడిగా వస్తే ఇంకా ఆరలేదని. ఆరకముందే సున్నం పూస్తే లోపల కుళ్లు వాసన పట్టుకుంటుంది. నేల నుంచి అడుగున్నర దాకా ఈ పొర వద్దు, అక్కడ ఉత్త రాయే ఉండనీ, వాన చిందులు పడే చోటది.

పెన్నాగట్టు
పని ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

కేసీకాలువ
ఖరీఫ్ వడ్లు ఆడే డిసెంబరు, జనవరిలో ఊక తెచ్చి కొట్టంలో పెట్టుకోండి. తడికలు, పైపులు ఫిబ్రవరిలో. సున్నం పూత ఆరేదానికి మార్చి. ఊక పోసేది మార్చి చివర, గాలిలో తేమ అడుగంటినప్పుడు. గడ్డి పొర కూడా ఆ ఎండల్లోనే, జూన్ మొదటి వాన లోపల పైపూతతో సహా అయిపోవాల. ఊక పోసిన తర్వాత మొదటి ఏడాది చివర నిచ్చెన వేసి ఒకసారి చూడండి. గోడల పక్కన దిగబడి తడిక కనిపిస్తుంటుంది, మూడు నాలుగు సంచులు అక్కడికి పక్కన పెట్టుకోండి.